ఆరున్నర పులి

మొదలుపెట్టిన రోజు గిడ్డన్న దగ్గర ఉన్నది ముప్పై ఏడు రేగుపళ్లు. అందులో నాలుగు పుచ్చువి. అవి తీసేస్తే ముప్పై మూడు. రోజుకు మూడు చొప్పున జీతాలిస్తే పదకొండు రోజులు నడుస్తుంది. ఆ పదకొండు రోజుల్లో పని నిలబడాలి. నిలబడితే రేగుపళ్లు లేకుండానే నడుస్తుంది, నిలబడకపోతే రేగుపళ్లున్నా నడవదు.

గిడ్డన్న ముంగిస. ఎర్రబండల నేషనల్ పార్కులో పదికి మించి లెక్కపెట్టగలిగిన జంతువు అతనొక్కడే. మిగతావాళ్ల లెక్క ఒకటి, రెండు, చానా అనే చోట ఆగిపోతుంది.

పోయిన ఎండాకాలం వాగు ఎండిపోయింది. రోడ్డు పక్కన సిమెంటు తొట్టి ఉంది గానీ దాన్ని నింపే ట్యాంకరు రాలేదు. గిడ్డన్నతో కలిసి పుట్టినవాళ్లు మొత్తం ఆరుగురు. వానలు పడేసరికి ఇద్దరు మిగిలారు. లెక్కలంటే ఎంత ఇష్టమైనా ఆ తీసివేత మాత్రం అతను మళ్లీ చెయ్యదలుచుకోలేదు.

ట్యాంకరు ఎందుకు రాలేదో ఈ చలికాలం తెలిసింది. ఆగి ఉన్న సఫారీ జీపు నీడలో అతను పడుకుని ఉండగా, పైన రేంజరు, డ్రైవరు మద్దిలేటి మాట్లాడుకుంటున్నారు.

"రోజుకు ఇరవై జీపులు తిరిగితేనే గేటు డబ్బుల్లోంచి ట్యాంకరు పంపిస్తారంట, మద్దిలేటీ. మనకు తిరిగేది తొమ్మిది."

"జనం యాడొస్తారు సార్! మూడు గంటలు తిప్పితే కనబడేది దుమ్ము. అది వాళ్ల ఊర్లోనే దొరుకుతాది కదా, టికెట్టు లేకుండా."

గిడ్డన్న ఆ సాయంత్రమే పుట్ట మీదకెక్కి అందరినీ పిలిచాడు. ఎలుగుబంటి ఓబులవ్వ వచ్చింది. నక్క తిరుపాలు వచ్చాడు. నెమలి, జింకలు, అడవిపందులు వచ్చాయి.

"మనకు ఇంకా పదకొండు జీపులు కావాల," అన్నాడు గిడ్డన్న.

"పదకొండంటే చానానా, చానా చానానా?" అంది నెమలి.

"నీ తోకలో ఉండే ఈకల్లో పదోవంతు కూడా కాదు."

కోపం తెచ్చుకోవాలో గర్వపడాలో నెమలికి అర్థం కాలేదు. అందుకని తోక ఒకసారి విప్పి ముడుచుకుంది.

"అయితే నన్ను వాళ్ల ముందు గంతులెయ్యమంటావా ఏమి? ఈ వయసులో?" అంది ఓబులవ్వ.

"వద్దవ్వా. నువ్వు రోడ్డుకు అడ్డంగా పడుకుంటే చాలు."

"అది నేను రోజూ చేసే పనే కదరా."

"ఇంకమీదట జీతానికి చెయ్యి. నేను చెప్పినప్పుడు పడుకో, చెప్పినప్పుడు లెయ్యి. మొదట మనం మనుషులకు చదువు చెప్పాల."

తిరుపాలు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మనుషులకు మనం చదువు చెప్పేది ఏమిరా అల్లుడూ! గేటు దగ్గర అంతంత బోర్డులు పెట్టినారు, నిలబడి చదువుతారు గదా."

"చదివి, ఆ బోర్డు కిందే చిప్స్ ప్యాకెట్టు పడేస్తారు మామా. అందుకే బోర్డుతో కాదు, మనతో నేర్పిద్దాం."

పాఠాలు మూడే. హారను మోగితే ఆ మలుపులో ఉన్న ప్రతి జంతువూ పొదల్లోకి వెళ్లిపోవాలి, చీమతో సహా. ఇంజను ఆపి గప్‌చుప్‌గా కూర్చున్న జీపు ముందుకు నెమలి వచ్చి పురి విప్పాలి, ఆ వెనకే జింకలు ఒక్కొక్కటిగా రోడ్డు దాటాలి. ఎవరైనా ప్యాకెట్టు పడేస్తే ఓబులవ్వ వెళ్లి జీపుకు అడ్డంగా పడుకోవాలి. పడేసినవాళ్లు దాన్ని తీసుకునేదాకా లేవకూడదు.

మొదటి వారం మద్దిలేటి జీపు ఒకటి ఓబులవ్వ ముందు గంటంపావు ఆగింది. లోపల కూర్చున్న పెద్దాయన ఒకరు, "హారను కొట్టవయ్యా," అన్నారు. హారను కొడితే ఓబులవ్వ బోర్లా ఉన్నది వెల్లకిలా తిరిగింది. చివరికి ఆయన మనవరాలు, "తాతా, నువ్వు పడేసిన కవరు వైపే చూస్తోంది," అంది. మద్దిలేటి జీపు వెనక్కి తీసి, కవరు ఏరి లోపల వేసుకున్నాడు. ఓబులవ్వ లేచి, ఒళ్లు దులుపుకుని, దారిచ్చింది. జీపులో అందరూ చప్పట్లు కొట్టబోయి, ఎందుకైనా మంచిదని ఆపేసుకున్నారు.

"చూసినావా మామా?" అన్నాడు గిడ్డన్న. "మనుషులు మొండివాళ్లు కారు. ఓపిగ్గా చెప్తే నేర్చుకుంటారు."

"పిల్లలు తొందరగా నేర్చుకుంటున్నారు. పెద్దవాళ్లతోనే కష్టం," అంది ఓబులవ్వ, పంతులమ్మలాగా నిట్టూర్చి.

తొమ్మిది జీపులు పదమూడయ్యాయి. పదమూడు పదహారయ్యాయి. పదకొండో రోజుకు రేగుపళ్లు అయిపోయినా ఎవరూ పని మానలేదు. నెమలికి ఫొటోలు అలవాటయ్యాయి, ఓబులవ్వకు పాఠం చెప్పడం అలవాటయ్యింది. సంఖ్య పందొమ్మిదికి చేరింది.

అక్కడ ఆగింది. ఒకరోజు కాదు, రెండురోజులు కాదు, తొమ్మిది రోజులు పందొమ్మిదే. శివరాత్రి వెళ్లింది. వాగులో నీళ్లు గిడ్డన్న మోకాళ్ల దాకా ఉన్నాయి. ముంగిస మోకాలంటే ఎంత లోతో చెప్పక్కర్లేదు.

"ఒక్క జీపు," అని గిడ్డన్న పుట్ట చుట్టూ తిరిగాడు. "ఒక్కటే తక్కువ. ఎందుకు రావడం లేదు?"

తిరుపాలు పక్కనే చేరి గోళ్లు చూసుకుంటూ అన్నాడు. "చెప్తే కోపగించుకోవు కదా? జనం వచ్చేది ఓబులవ్వను చూడటానికి కాదప్పా. దొరను చూడటానికి. పందొమ్మిది జీపుల్లో ఆయన ఎన్నింటికి కనబడతా ఉన్నాడు?"

"రెండు. ఒక్కోరోజు ఒకటి. ఒక్కోరోజు సున్నా."

"నువ్వే చెప్పినావు. సున్నాకు టికెట్టు ఎవరు కొంటారు? ఆయన్ని ఒక చోట, ఒక టైముకు కూర్చోబెట్టు. పందొమ్మిదికి పందొమ్మిది."

నూటికి నూరు. ఆ మాట వినగానే గిడ్డన్న తోక దానంతట అదే లేచింది. ఈ ఉపాయం తనకు ఎందుకు తట్టలేదా అని ఆలోచించాడు గానీ, ఇది తిరుపాలుకు ఎందుకు తట్టిందో ఆలోచించలేదు.

దొర అంటే పులి. వేటాడిన కణితి దుప్పి పక్కన నీడలో పడుకుని ఉన్నాడు. గిడ్డన్న పది అడుగుల దూరంలో ఆగి దండం పెట్టాడు.

"దొరా, మిమ్మల్ని చూడటానికి వచ్చి, చూడకుండా వెనక్కిపోతున్న జనం ఈ నెలలో ఎంతమందో తెలుసా? రెండువేల ఎనిమిది వందల మంది."

"అంటే చానానా?"

"చానా కంటే చానా ఎక్కువ. పాపం, నెమలిని ఫొటో తీసుకుని పోతా ఉన్నారు."

"నెమలినా!" పులి లేచి కూర్చున్నాడు. "నేనుండగా, కోడినా?"

"అందుకే చెప్తున్నా దొరా. గేటు ఆరింటికి తీస్తారు. మొదటి జీపు చాపబండ కాడికి వచ్చేసరికి ఆరున్నర. ఆ టైముకు మీరు బండ మీద కూర్చుంటే, ఎండ మీ ఎడమ బుగ్గ మీద పడుతుంది. తొమ్మిదికి లేచి రావచ్చు. రెండున్నర గంటలు."

పులి కాసేపు ఎడమ బుగ్గ నాక్కుంటూ ఉండిపోయాడు. "కుడి బుగ్గ అయితే?"

"దానికి సాయంత్రం కూర్చోవాల్సి వస్తుంది."

"పొద్దుటితో మొదలుపెడదాం," అన్నాడు పులి.

చాపబండ అంటే చాప పరిచినట్టు నున్నగా ఉండే రాయి, రోడ్డుకు ఇరవై గజాల దూరంలో. మరునాడు ఆరున్నరకు పులి అక్కడ కూర్చున్నాడు. ఆ రోజు జీపులు పందొమ్మిది. మూడోరోజు ఇరవై ఆరు. వారం దాటేసరికి నలభై. నెల తిరిగేసరికి అరవై ఒకటి. ట్యాంకరు వచ్చింది. తొట్టిలో నీళ్లు పడుతుంటే ఆ చప్పుడు వినడానికి అడవిపందులు కూడా మాట్లాడకుండా నిలబడ్డాయి. గిడ్డన్న తమ్ముడు తొట్టి అంచు మీద నుంచి నీళ్లలో జారిపడితే అందరూ కలిసి పైకి లాగారు. గిడ్డన్నకు అంతకన్నా మంచి రోజు గుర్తులేదు.

పులికి అడవిలో కొత్త పేరు వచ్చింది. ఆరున్నర దొర.

ఓబులవ్వ మాత్రం మూతి ముడుచుకునే ఉంది.

"ఒరేయ్ గిడ్డా, పిల్లోళ్లు చెడిపోతున్నార్రా."

"ఏ పిల్లోళ్లవ్వా?"

"మనుషులు. నిన్న హారను కొట్టినారు. మనం పొదల్లోకి పోతే వాళ్లకేం బాధ? పులి లేవడు కదా. నేను రోడ్డు మీద పడుకుంటే నన్ను చుట్టి పోయినారు, ఆరున్నరకు టైమైపోతుందని. నేర్చుకున్నదంతా మర్చిపోయినారు. ఆరుంబావుకు గేటు దాటి వస్తారు, ఏడుకు పోతారు."

"అది మంచిదే కదవ్వా! ఒక్కో జీపు మూడు గంటలు పట్టేది, ఇప్పుడు ముప్పావుగంట. అదే దారిలో నాలుగింతలు తిప్పొచ్చు."

ఓబులవ్వ పంజాతో మూతి తుడుచుకుంది. "నీకు లెక్కలు ఎవరు నేర్పించినార్రా?"

"నేనే నేర్చుకున్నా అవ్వా."

"అనుకున్నా," అంది.

నెమలి జీతం లేదని కాదు, చూసేవాళ్లు లేరని పని మానేసింది. తిరుపాలు ఒక్కడే సంతోషంగా కనిపించాడు. బాగా ఒళ్లు చేశాడు. నడుస్తుంటే పొట్ట గడ్డికి తగులుతోంది. వాళ్ల అత్తగారి వైపు చుట్టాలు పక్క అడవి నుంచి దిగి, నెలరోజులైనా కదలడం లేదు.

"ఏం తింటున్నావు మామా?"

"గాలి మారింది కదప్పా, అదే."

ఏప్రిల్లో ఒక సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, బోను ఎక్కించిన లారీ ఒకటి వచ్చి గేటు దగ్గర ఆగింది. గిడ్డన్న ఎప్పట్లాగే మద్దిలేటి జీపు కిందకు దూరాడు. రేంజరు పక్కన పట్నం నుంచి వచ్చిన డాక్టరమ్మ నిలబడి ఉంది, చేతిలో ఫొటోల కట్ట.

"ఇది మామూలు పులి చెయ్యాల్సిన పని కాదు," అంటోంది. "రోజూ ఒకే చోటికి వస్తుంది. అరవై జీపులు హారన్లు కొట్టినా లేవదు. నెల కిందటి ఫొటో చూడండి, ఈరోజుది చూడండి. ఎముకలు తేలాయి. ఏదో పెద్ద జబ్బే. జూకు తరలించడమే మంచిది."

"అది పోతే మా పార్కుకు ఎవరొస్తారు మేడమ్? ఇంక ఎండాకాలం ట్యాంకర్లు కూడా..."

"చచ్చిపోయాక ఎవరొస్తారండీ? రేపు పొద్దున మత్తు ఇంజక్షన్ ఇస్తాం. వెతుక్కునే పని కూడా లేదు. టైముకొచ్చి కూర్చుంటుందిగా."

గిడ్డన్న జీపు కింద కదలకుండా పడుకున్నాడు. అరవై ఒకటి లోంచి పులిని తీసేస్తే, పాఠాలు కూడా మూలపడ్డాయి కాబట్టి, మిగిలేది మొదటి తొమ్మిదే. తొమ్మిదైతే ట్యాంకరు సున్నా. ఆ తర్వాతి లెక్క పోయిన ఏడాది చేసిందే. ఈసారి మిగిలిన ఇద్దరిలోంచి తియ్యాలి.

పరుగెత్తుకుంటూ పులి దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాడు.

"జూ అంటే యాడ?" అన్నాడు పులి, కొత్తగా కొట్టిన కణితి మీద చెయ్యి వేసి.

"పట్నంలో దొరా. బోనులో."

"జనం వస్తారా?"

"వస్తారు గానీ..."

"ఎంతమంది?"

గిడ్డన్నకు అబద్ధం చెప్పడం రాదు, లెక్కల్లో అయితే అసలే రాదు. "రోజుకు పదివేలు," అన్నాడు, కళ్లు దించుకుని.

"మరి ఇంతసేపు ఏడుస్తావేమిరా!" అన్నాడు పులి. "రేపు ఆరున్నరకే కదా? ఎడమ బుగ్గ ఒకసారి చూసి చెప్పు, మట్టేమైనా ఉందా?"

మట్టి లేదు. కానీ బుగ్గకు దిగువన, డొక్కలో గిడ్డన్నకు ఎముకలు కనబడ్డాయి. లెక్కపెట్టడం అలవాటు కాబట్టి లెక్కపెట్టాడు. మొదటిరోజు ఈ పక్కన ఒక్క ఎముకా కనబడలేదు. ఇప్పుడు పదకొండు. పులి సన్నబడ్డ ఈ నెలరోజుల్లోనే ఇంకొకరు లావెక్కారు. ఈ రెండు లెక్కలూ ఇన్నాళ్లూ విడివిడిగానే ఉన్నాయి. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూశాడు.

"దొరా, ఈ నెలలో ఎన్ని కణుతులను కొట్టినారు?"

"దొరలు లెక్క పెట్టుకోరు."

"నేను పెట్టినా. ఆరు. ఒక్కోటి మీకు నాలుగు రోజుల తిండి. ఆరు నాలుగులు ఇరవై నాలుగు. మీరు తిన్నది ఎన్ని రోజులు?"

పులి నుదురు ముడిచాడు. "కొట్టిన రోజు తింటా. మర్నాడు బండ కాడ నుంచి వచ్చేసరికి బొమికలే ఉంటాయి. ఎండకు ఎండిపోతా ఉందేమో అనుకున్నా."

"మాంసం ఎండుతుంది గానీ మాయం కాదు దొరా. ఇరవై నాలుగులో ఆరు పోతే పద్దెనిమిది. ఆ పద్దెనిమిది రోజుల తిండి ఎవరి కడుపులో ఉంది?"

"ఎవడు వాడు?" పులి గొంతు మారింది. ఆ గొంతు గిడ్డన్న నెలరోజులుగా వినలేదు.

"నేను చెప్తే చాడీ అవుతుంది. రేపు మీరు రోజూలాగే ఆరింటికి లేచి బండ వైపు బయలుదేరండి. నూరు అడుగులు వేసి వెనక్కి తిరిగి చూడండి. మీకు లెక్క రాదు కాబట్టి, ఆ మద్దిచెట్టు దాకా నడవండి."

అక్కడి నుంచి గిడ్డన్న రోడ్డు మీదకు వచ్చి అడుగులతో దూరాలు కొలిచాడు. కణితి పడి ఉన్నది రోడ్డుకు ఇవతల. తిరుపాలు బొరియ రోడ్డుకు అవతల, చాపబండ పక్కన. వాడు ప్రాణభయంతో పరుగెత్తితే ఇంటికే పరుగెత్తుతాడు. ఇంటికి పోవాలంటే రోడ్డు దాటక తప్పదు. పులి గెలవకూడదు, తిరుపాలుకు తోక పోయినా ప్రాణంతో తప్పించుకునే అవకాశం ఉండాలి. మద్దిచెట్టు దగ్గర నుంచి అయితే సరిపోతుంది.

మరునాడు ఆరున్నర కాకముందే అరవై ఒక్క జీపులు బండ ముందు బారులు తీరాయి. హారన్లు మోగాయి. ముందు లారీ, లారీ మీద బోను, బోను పక్కన తుపాకీ పట్టుకున్న డాక్టరమ్మ.

ఆరున్నర అయ్యింది. బండ ఖాళీగా ఉంది.

"ఆలస్యం ఎప్పుడూ చెయ్యడు మేడమ్," అన్నాడు మద్దిలేటి, తప్పు తనదైనట్టు.

అప్పుడు అడవిలో ఒక గర్జన వినబడింది. ఫొటోల్లో గర్జన పడదు కాబట్టి ఆ జనంలో ఎవరూ ఇన్నాళ్లూ అది వినలేదు. హారన్లు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి.

పొదలు చీల్చుకుని తిరుపాలు వచ్చాడు. నోట్లో ఇంకా కణితి పక్కటెముక ఉంది. పారేద్దామంటే పళ్లకు ఇరుక్కుంది. "దొరా, దొరా, నేను కాపలా కాస్తా ఉంటిని దొరా!" అని అరుస్తున్నాడు గానీ ఎముక అడ్డం వచ్చి ఒక్క మాటా సరిగ్గా పలకడం లేదు. వాడి వెనక పులి వచ్చాడు. రోడ్డును ఒకే దూకులో దాటాడు. లారీని, బోనును, డాక్టరమ్మ టోపీని కూడా. దాటేటప్పుడు పంజా తగిలి బోను తలుపు ఊడి కిందపడింది. తిరుపాలు బొరియలోకి దూరాడు. తోక చివరి కుచ్చు మాత్రం బయట, పులి గోళ్ల మధ్య మిగిలింది.

పులి ఆ కుచ్చును ఉమ్మేసి, జీపుల వైపు ఒక్కసారి చూశాడు. నెలరోజుల్లో మొదటిసారి, తన బుగ్గ ఎటువైపు ఉందో పట్టించుకోకుండా చూశాడు. కొండ వైపు వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ ఊడిపడ్డ బోను తలుపు వైపు, కొండ వైపు మార్చి మార్చి చూసింది.

"జబ్బు పులి అన్నదెవరు?" అంది చివరికి డాక్టరమ్మ.

"మీరే మేడమ్," అన్నాడు రేంజరు.

ఆమె చేతిలో కాగితం మీద ఏదో కొట్టేసి, 'పూర్తి ఆరోగ్యం' అని రాసి సంతకం పెట్టింది. లారీ ఊడిన తలుపుతో పట్నం వెళ్లిపోయింది.

పులి మళ్లీ బండ దగ్గరికి రాలేదు. ఒకరోజు, ఐదురోజులు, పన్నెండు రోజులు. సంఖ్య తొమ్మిదికి పడిపోతుందని గిడ్డన్న తిండి మానేసి రోజూ గేటు దగ్గర లెక్కపెట్టాడు. అరవై ఒకటి. అరవై ఆరు. డెబ్భై. డెబ్భై నాలుగు.

అతను రెండుసార్లు లెక్కపెట్టాడు. లెక్క సరిగ్గానే ఉంది.

వచ్చిన జీపులు మూడేసి గంటలు ఉంటున్నాయి. ఇంజన్లు ఆపుకుంటున్నాయి. "ఇదే మలుపు. ఇక్కడి నుంచే దూకినాడు," అని మద్దిలేటి గుసగుసగా చెబుతుంటే జనం ఊపిరి బిగబట్టి పొదల వైపు చూస్తున్నారు. పొదలో ఆకు కదిలితే ఒళ్లు జలదరిస్తుంది. వచ్చేది నెమలి. అయినా అంతసేపు చూసిన కళ్లకు నెమలి కూడా కొత్తగా కనిపిస్తోంది. సాయంత్రం పులి కనబడలేదని చెప్పుకుంటూ వెళ్లి, తెల్లారి మళ్లీ గేటు దగ్గర నిలబడుతున్నారు.

తిరుపాలు బొరియ ముందు కూడా జీపులు ఆగుతున్నాయి. "పులి నోట్లోంచి బయటపడ్డ నక్క ఇందులోనే ఉంది," అని పిల్లలకు చూపిస్తున్నారు. ఇది తెలిసి గిడ్డన్న బొరియ దగ్గరికి వెళ్లి తల లోపల పెట్టాడు.

"మామా, దొర ఇంకా నీ గురించి అడుగుతా ఉన్నాడు. నువ్వు బొరియలోంచి ఎప్పుడు బయటకొస్తావో తెలియదని చెప్పినా. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు బయటకొచ్చి కూర్చున్నావంటే ఇంకా కొన్నాళ్లు నాకు తెలియకుండానే ఉంటుంది."

"ఏ టైముకు?" అన్నాడు తిరుపాలు, చాలా సన్నగా.

అప్పటికి చుట్టాలు ఊరికి వెళ్లిపోయారు. తిరుపాలు పొట్ట మళ్లీ గడ్డికి తగలడం లేదు.

టైముకు వచ్చి కూర్చునే పులిని చూసినవాళ్లు ముప్పావుగంటలో ఇంటికి పోతారు, దొరకని పులిని వెతికేవాళ్లు మర్నాడు మళ్లీ వస్తారు. ఎర్రబండల్లో ఈ నీతి ఇప్పుడు చీమలకు కూడా తెలుసు. గిడ్డన్నకు అందరికంటే బాగా తెలుసు. అంకెలతో సహా తెలుసు.

పదమూడోరోజు పొద్దున ఓబులవ్వ పుట్ట దగ్గర చెదలు తింటూ తల ఎత్తింది. గిడ్డన్న కొండదారి మొదట్లో నిలబడి, వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

"యాడికిరా పొద్దున్నే?"

"దొర దగ్గరికి అవ్వా. ఇప్పుడు కనబడకుండా తిరగడం ఆయన ఇష్టం వచ్చినట్టు చేస్తా ఉన్నాడు. ఒక పద్ధతి లేదు. సోమవారం ఏ మలుపులో కనబడకూడదో, మంగళవారం ఏ మలుపులో కనబడకూడదో రాసిస్తే, డెబ్భై నాలుగు నూరైపోతుంది."

ఓబులవ్వ తల దించి మళ్లీ చెదల పని చూసుకుంది. గిడ్డన్న తోక ఎత్తి, కొండ వైపు మొదటి అడుగు వేశాడు.